సైకిలుకు ఏ నూనె వేయాలి?

బాలలూ! మీ సైకిలు "కిర్రు కిర్రు" మని మూలుగుతుంటే మీరేం చేస్తారు? వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి గొలుసు మీద నాలుగు చుక్కలు వేస్తారు. చప్పుడు ఆగిపోతుంది. పని అయిపోయిందనుకుంటారు.

తొమ్మిదో తరగతిలో నేనూ అలాగే అనుకున్నాను. అంతటితో ఊరుకోక, చక్రం ఇంకా హాయిగా తిరుగుతుందని రిమ్ముకు కూడా నూనె రాశాను! మరునాడు కాలువ వంతెన దిగుతూ బ్రేకు పట్టాను. బ్రేకు రబ్బరు రిమ్మును పట్టుకోలేదు, జారిపోయింది. నేను తిన్నగా తుమ్మకంపలోకి వెళ్ళాను. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

కందెన చేసే పని

అద్దంలా నున్నగా కనిపించే ఉక్కును సూక్ష్మదర్శినిలో చూస్తే గుట్టలు, పల్లాలు కనిపిస్తాయి. రెండు లోహాలు రాసుకున్నప్పుడు ఈ గుట్టల కొనలు ఒకదానికొకటి తగిలి, అతుక్కుని, తెగుతాయి. వేడి, చప్పుడు, అరుగుదల అందువల్లనే. మధ్యలో నూనె పొర ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఇలా పనిచేసే పదార్థమే కందెన.

ఆ పొర పలచనిదే కాని బలహీనమైనది కాదు. 1883లో ఇంగ్లండులో టవర్ అనే ఇంజనీరు, రైలు ఇరుసులకు వాడే రకం బేరింగును పరీక్షిస్తూ దాని పైభాగంలో రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతుంటే అందులోంచి నూనె పొంగింది. చెక్క బిరడా బిగిస్తే దాన్నీ బయటికి నెట్టేసింది! బరువును నూనె పొరే మోస్తున్నదన్నమాట. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని గణితంతో వివరించాడు.

గొలుసుకు పలచని నూనె

గొలుసులో ఒక్కొక్క లింకు పొడవు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. లింకులు కలిసేచోట ఒక పిన్ను, దాని చుట్టూ చిన్న గొట్టం ఉంటాయి. గొలుసు అరిగేది ఆ రెండింటి మధ్యనే. అంత సన్నని సందులోకి దూరాలంటే నూనె పలచగా ఉండాలి. కుట్టుమిషను నూనె ఇందుకు పనికివస్తుంది. కాకపోతే తరచుగా వేస్తుండాలి. లింకుకు ఒక చుక్క వేసి, పెడలును వెనక్కి తిప్పి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచెయ్యండి. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టుకుంటుంది. నూనె, ఇసుక కలిస్తే గరుకు కాగితంలా గొలుసును అరగదీస్తాయి.

మరి వంటనూనె ఎందుకు కూడదు? మీ ఇంట్లో నూనె డబ్బా అంచును తాకి చూడండి, జిగటగా ఉంటుంది. వేరుసెనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా బంకగా మారతాయి. కొబ్బరినూనె అంతగా బంక కట్టదు కాని, సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. ఇక కిరోసిన్ మురికిని కడుగుతుంది, దాంతోపాటు ఉన్న నూనెనూ తీసుకుపోతుంది. అది కడగడానికే, కందెనగా కాదు.

బేరింగులకు గ్రీజు

మామూలు సైకిలు వెనుక చక్రం ఇరుసుకు ఒక్కొక్క పక్క పావు అంగుళం ఉక్కు గుండ్లు 9 ఉంటాయి. అక్కడ పలచని నూనె నిలవదు, కారిపోతుంది. అందుకే గ్రీజు. గ్రీజు అంటే సబ్బు పట్టి ఉంచిన నూనె! స్నానపు సబ్బు కాదు, లిథియం లేదా కాల్షియం సబ్బు. స్పాంజి నీటిని పట్టుకున్నట్లు దాని సన్నని పోగులు నూనెను పట్టుకుంటాయి. మన పెద్దలు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకు పెట్టేవారు. ఆలోచన అదే కదా!

ఫ్రీవీలుకు మాత్రం గ్రీజు వద్దు. దాని లోపల చిన్న ఉక్కు నాలుకలు పైకి లేచి పళ్ళకు తగులుకుంటేనే చక్రం తిరుగుతుంది. చిక్కని గ్రీజులో అవి అతుక్కుపోతే పెడలు ఉన్నట్టుండి ఖాళీగా తిరిగి, మీరు కింద పడవచ్చు. అక్కడ పలచని నూనె రెండు చుక్కలు చాలు.

ఇక రిమ్ముకు, బ్రేకు రబ్బర్లకు ఏ నూనే తగలకూడదు. అక్కడ మనల్ని కాపాడేది ఘర్షణే. పొరపాటున తగిలితే సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, సైకిలును నడిపించుకుంటూ బ్రేకు పరీక్షించి, ఆ తర్వాతే ఎక్కండి.

చేసి చూడండి

ఒక గాజు పలకను కొంచెం వాలుగా నిలబెట్టండి. దాని పై అంచున కుట్టుమిషను నూనె, వేరుసెనగ నూనె, గ్రీజు పక్కపక్కన ఒక్కొక్క బొట్టు పెట్టండి. ఏది ముందు జారుతుంది? ఏది కదలదు? పలకను అలాగే కొన్ని వారాలు ఎండ, గాలి తగిలేచోట ఉంచి, వేలితో తాకి చూడండి. మీ సైకిలుకు ఏది ఎక్కడ వాడాలో ఆ పలకే చెబుతుంది.