కొలువూ, పాటా

బైరూతు నగరంలో జుకాక్ అల్‌బ్లాత్ అనే పాతపేట ఒకటి ఉన్నది. 1940 ప్రాంతాలలో ఆ పేటలో, ఒక ఒంటిగది ఇంట, వదీ హద్దాద్ అనే కంపోజిటరు ఆలుబిడ్డలతో కాపురముండేవాడు. అచ్చుకూటంలో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చడం అతని వృత్తి. రేడియో కొనే తాహతు ఆ కుటుంబానికి లేదు. పెద్దకూతురు నుహాద్ కిటికీ దగ్గర చేరి, పొరుగువారి రేడియోలో నుంచి గోడదాటి వచ్చే ఉమ్ కుల్సూమ్ పాటలనూ, అస్మహాన్ పాటలనూ విని వల్లె వేసుకొనేదని ఆమె జీవితకథ వ్రాసినవారు చెబుతారు. కొద్ది ఏండ్లకే ఆ పిల్ల గొంతు అదే రేడియోలో నుంచి అరబ్బు దేశాల ఇండ్లలోకి ప్రవేశించినది. ఫైరూజ్ అనే పేరుతో లోకమెరిగిన గాయని ఆమెయే.

ఫైరూజ్ కీర్తిని గురించి వ్రాసినవారు లెక్కకు మిక్కిలి. నేనిక్కడ చెప్పదలచినది ఆమె కీర్తిని గురించి కాదు, కొలువును గురించి. ఆమె రేడియోలో నెలజీతానికి పాడిన పిల్ల. ఆమెకు పాటలు కట్టిన అన్నదమ్ములు పోలీసు ఉద్యోగులు. ఆమెకు పేరు పెట్టిన పెద్దమనిషి రేడియో సంగీతశాఖ అధికారి. ఉదరపోషణకు ఒక పని, హృదయానికి మరొక పని అని రెండు కాడిమేడులు మోసినవారే వీరందరూ. లెబనాను దేశపు నవీన సంగీతం పుట్టినది ఇటువంటి వారి చేతులలోనే.

ఉపాధ్యాయులు తర్వాతి ఘట్టాన్ని కొంచెం నిలిచి చదువవలెనని నా కోరిక. బైరూతు సంగీత విద్యాలయంలో మహమ్మద్ ఫ్లైఫెల్ అనే గురువు ఉండేవాడు. సిరియా దేశపు జాతీయగీతానికి స్వరం కట్టినవాడాయన. రేడియోలో దేశభక్తి గీతాలు పాడించడానికి పిల్లల గొంతులు కావలసివచ్చి, ఆయన బడులు తిరుగుతూ నుహాద్ చదివే బడికి వచ్చాడు. గుంపులో ఆ గొంతును పట్టుకున్నాడు. ఆడపిల్ల నలుగురిలో పాడడమేమిటని తండ్రి మొదట ఒప్పుకోలేదు. తమ్ముడు జోసెఫ్ వెంట ఉండవలెననే షరతుమీద చివరకు సరేనన్నాడు. విద్యాలయాధిపతి వదీ సబ్రా లెబనాను జాతీయగీతానికి సంగీతం సమకూర్చినవాడు. ఆయన ఈ బీదపిల్ల వద్ద జీతం పుచ్చుకోవడానికి నిరాకరించాడు.

ఫ్లైఫెల్ ఆ పిల్లకు నేర్పినవాటిలో తజ్వీద్ ముఖ్యమైనది. అది ఖురాను పఠించే పద్ధతికి సంబంధించిన శాస్త్రం. ఏ అక్షరం కంఠంలో ఎక్కడ పుట్టవలెను, ఏ అచ్చును ఎంతసేపు సాగదీయవలెను, ఎక్కడ ఊపిరి నిలుపవలెను అనే నియమాలన్నీ అందులో ఉంటాయి. మన వేదపాఠశాలలలో ఉదాత్తానుదాత్తాలను నేర్పడం వంటిదే అది. నేర్పినవాడు ముసల్మాను, నేర్చినది క్రైస్తవుల పిల్ల. ఫైరూజ్ పాటలో ప్రతి అక్షరమూ ముత్యమువలె విడివిడిగా వినబడుతుందని అరబ్బీ ఎరిగినవారు మెచ్చుకుంటారు. ఆ మెప్పులో సగం ఆ బడిపంతులుకు చెందవలసినదే.

ఇక రేడియో. ఫ్రెంచివారు తమ ఏలుబడిలో 1938లో నెలకొల్పిన ఈ కేంద్రం 1946లో లెబనాను ప్రభుత్వం చేతికి వచ్చినది. 1950 నాటికి అక్కడ సంగీతశాఖను నడిపినవాడు హలీం అల్‌రూమీ. తాను స్వయంగా గాయకుడు, స్వరకర్త. అంతకుముందు బ్రిటిషువారి అరబ్బీ రేడియోలోనూ పనిచేసి వచ్చినవాడు. నుహాద్ పాట విని ఆమెను బృందగానంలో చేర్చుకున్నాడు. నెలకు 100 లెబనాను పౌండ్ల జీతమని చెబుతారు. అచ్చుకూటపు కూలీ ఇంటికి అది చిన్న మొత్తం కాదు. హద్దాద్ అనే ఇంటిపేరు పాటకు నప్పదని తలచి షెహ్రజాద్, ఫైరూజ్ అనే రెండు పేర్లు చెప్పి ఒకటి ఎంచుకొమ్మన్నాడు. ఫైరూజ్ అంటే పసిరినీలపు రంగు రత్నం. ఆ పిల్ల మొదట అది పరిహాసమనుకొన్నదట.

బృందగానమంటే పేరులేని పాట. పదిమంది గొంతులలో తన గొంతు ఇమిడిపోవలెను గాని పైకి తేలరాదు. వినయం నేర్పే కొలువు అది. ఫైరూజ్ పాడేటప్పుడు చేతులు కదలించకుండా, ముఖంలో భావమేదీ కనబడనీయకుండా కొయ్యబొమ్మవలె నిలబడుతుందని తప్పుపట్టినవారున్నారు. మైకు ముందు కదలకుండా నిలిచి, కనబడని శ్రోతకు గొంతుతోనే సర్వమూ చెప్పడం నేర్చిన మనిషికి చేతులతో పనేమిటని నాకు తోస్తుంది.

హలీం ఆమెకు కొన్ని పాటలు తానే కట్టాడు. ఆ గొంతును తన పాటలకే కట్టివేసుకొని ఉంటే అడిగేవారు లేరు. శాఖాధిపతి ఆయనే కదా! కాని ఆయన చేసిన పని వేరు. అదే రేడియోలో వాద్యగాడుగా పనిచేస్తూ కొత్త బాణీలు కడుతున్న ఆస్సీ రహ్బానీ అనే యువకునికి ఆమెను పరిచయం చేశాడు. ఒక స్వరకర్త తనకు దొరికిన కంఠాన్ని మరొక స్వరకర్తకు అప్పగించడం ఎంత కష్టమో కళాకారుల నడుమ మెలగినవారికి తెలియును. ఈ కథలో నాకు అన్నిటికంటె పెద్దదిగా కనబడేది ఆ ఒక్క పరిచయమే.

ఆస్సీ 1923లోనూ, అతని తమ్ముడు మన్సూర్ 1925లోనూ పుట్టారు. బైరూతుకు ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న అంతెలియాస్ వారి ఊరు. తండ్రి కాఫీ అంగడి నడిపేవాడు, బుజుక్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు. కుటుంబభారం మీదపడి ఆస్సీ తన ఊరి మునిసిపాలిటీ పోలీసులోనూ, మన్సూర్ బైరూతులో నేరపరిశోధక పోలీసులోనూ చేరారు. తీరికవేళల పాదరీ బూలుస్ అల్‌అష్కర్ వద్ద తూర్పు సంగీతమూ, ఆ తర్వాత బైరూతులో ఒక ఫ్రెంచి గురువు వద్ద పడమటి సంగీతమూ అభ్యసించారు. లాఠీ పట్టిన చేయి స్వరం వ్రాయడమేమిటని నవ్వుకోవచ్చును. కాని పల్లెవాని తగవు, సంతలో గయ్యాళితనం, చిల్లరదొంగ మాటతీరు పోలీసువానికి తెలిసినంతగా పండితునికి తెలియవు. తర్వాత ఈ సోదరులు వ్రాసిన సంగీతనాటకాలలో గ్రామాధికారులూ, గడసరి దొంగలూ, గుట్టుగా ప్రేమించే పడుచులూ ఊరికే వచ్చి చేరలేదు.

రేడియో కొలువు వారి పాటకు ఒక కొలతను కూడ ఇచ్చినది. ఆ రోజులలో కైరో నుంచి ప్రతినెలా మొదటి గురువారం రాత్రి ఉమ్ కుల్సూమ్ కచేరీ ప్రసారమయ్యేది. ఒక్కొక్క పాట గంటసేపు సాగేది. ఒకే చరణాన్ని శ్రోతలు కేకలు వేసి మరల మరల పాడించుకొనేవారు. అది మహాసముద్రం. రహ్బానీలు దానికి పోటీగా మరొక సముద్రాన్ని త్రవ్వబోలేదు. మూడు నాలుగు నిమిషాలలో ముగిసే చిన్నపాటలు కట్టారు. కార్యక్రమానికీ కార్యక్రమానికీ నడుమ ఇమిడే పాట, ఇంటి ఇల్లాలు పనిచేసుకొంటూ వినగల పాట. పల్లెపదాలను తెచ్చి పియానోతో, వయొలిన్లతో జతపరచారు. పాతపద్ధతివారికి అది రుచించలేదు. 1952లో దమాస్కసులో రికార్డయిన ‘ఇతాబ్’ అనే పాటతో ఫైరూజ్ పేరు అరబ్బు దేశాలన్నిట మారుమ్రోగినది. 1955లో ఆమె ఆస్సీని వివాహమాడినది. 1957లో బాల్‌బెక్ ఉత్సవంలో, రోమనులనాటి జూపిటరు ఆలయ శిథిలాల నడుమ, ఆమె పాడినది. ఆపైన జరిగినది లోకమెరిగినదే.

కొలువు అన్నం పెట్టును, పగ్గమూ వేయును. 1969లో అల్జీరియా అధ్యక్షుడు హువారీ బూమెదియెన్ లెబనానుకు వచ్చినప్పుడు ఆయన గౌరవార్థం ఒక ఆంతరంగిక సభలో పాడవలెనని ఫైరూజ్‌ను కోరారు. ఆమె ఒప్పుకోలేదు. ప్రజలకు పాడుదును గాని ఒక వ్యక్తికి పాడనన్నది ఆమె పట్టు. ఫలితంగా లెబనాను రేడియోలో ఆరు నెలలపాటు ఆమె పాటలు నిషేధింపబడినవి. ఏ రేడియో 100 పౌండ్లకు ఆమెను కొలువులో పెట్టుకొన్నదో, ఆ రేడియోయే ఆమె గొంతు నొక్కినది! ఆమె క్షమాపణ చెప్పలేదు, మాట మార్చుకోలేదు. నిషేధంవల్ల ఆమె గౌరవం తరగకపోగా పెరిగినది.

1975 నుంచి 1990 వరకు సాగిన అంతర్యుద్ధ కాలంలో ఆమె దేశం విడిచిపోలేదు. స్వదేశంలో కచేరీ కూడ చేయలేదు. ఒక వర్గంవారి గడ్డమీద పాడితే రెండవ వర్గానికి వ్యతిరేకంగా పాడినట్లవునని ఆమె భావన. వీధికి ఈవలివారూ ఆవలివారూ ఉదయాన ఆమె పాటలే వినేవారు. 1976లో, తుపాకుల మ్రోతల నడుమ, ఆమె కుమారుడు జియాద్ లెబనాను రేడియోలో ఒక హాస్యకార్యక్రమం నడిపి ఇరుపక్షాలనూ ఎత్తిపొడిచాడు. తల్లి మౌనంతో చెప్పినదాన్ని అతడు వెక్కిరింతతో చెప్పాడనుకోవచ్చును.

ఇక హలీం అల్‌రూమీ. ఆయన 1983లో మరణించేనాటికి ఆయన కూతురు మజిదా పేరుపొందిన గాయని అయినది. ఆ పిల్ల 1970ల తొలినాళ్లలో టెలివిజన్ పోటీలో పాడి నెగ్గుకు రావలెనని ఉబలాటపడినప్పుడు, పాటలోని తీపినీ కొలువులోని చేదునూ సమంగా చవిచూసిన తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. చదువు మానరాదనే షరతుమీద అనుమతించాడు. పాతికేండ్లనాడు వదీ హద్దాద్ అనే కంపోజిటరు తన కూతురికి పెట్టిన షరతు తోడు. ఈయన పెట్టినది పట్టా. మజిదా పాడుతూనే లెబనాను విశ్వవిద్యాలయంలో అరబ్బీ సాహిత్యం చదివి ఆ పట్టా పుచ్చుకొన్నది.