ఉయ్యాల ఆట – తీసికొనవలసిన జాగ్రత్తలు

ఉయ్యాల మన పిల్లలకు మిక్కిలి ప్రియమైన ఆట. ఆశ్వయుజ బహుళ తదియనాడు వచ్చు అట్లతద్దికి తెలుగు బాలికలు చెట్లకు ఉయ్యాలలు కట్టి ఊగుదురు. మనము స్థిరపడిన ఈ ఒడిశా రాష్ట్రమున జూన్ నెల నడుమ వచ్చు రజ పర్వమునకు ఒడియా బాలికలును అట్లే ఊగుదురు. ఆ విధముగా బరంపురము వంటి పట్టణములలోని తెలుగు పిల్లలకు ఏటేట రెండు ఉయ్యాల పండుగలు లభించుచున్నవి. ఇట్టి ఆటను మాన్పింపవలెనని ఎవరును కోరరు. కాని అందు ఇమిడియున్న బలములను తెలిసికొనినచో ప్రమాదము ఎచ్చట పొంచియున్నదో మనకే బోధపడును.

ఉయ్యాల ఒక లోలకము. అది పై కొసను క్షణకాలము నిలిచి, క్రిందికి వచ్చుకొలది వేగము పుంజుకొనును. పీట 1 మీటరు ఎత్తునుండి దిగినచో అట్టడుగున దాని వేగము గంటకు సుమారు 16 కిలోమీటర్లుండును. ఊగుచున్న బాలుడు తలచినను దానిని వెంటనే ఆపజాలడు. కావున దారిలోనికి తప్పటడుగులతో వచ్చిన పసిబిడ్డకు పీట అంచు తలకే తగులును.

త్రాటిపై పడు భారమును గూర్చియు ఆలోచింపుడు. కదలక కూర్చున్న 30 కిలోల బాలుని భారము 30 కిలోలే. అతడు నిలువు రేఖకు 60 డిగ్రీల కోణము వరకు ఊగినచో, అడుగునకు వచ్చునప్పటికి త్రాళ్లపై 60 కిలోల భారము పడును. త్రాళ్లు నేలకు సమాంతరమగునంత ఎత్తు ఊగినచో అది 90 కిలోలగును. ఇద్దరెక్కినచో ఈ లెక్కయంతయు రెట్టింపగును. ఒక పెద్దమనిషి కూర్చుండి చూచినంత మాత్రమున త్రాడు గట్టిదని నమ్మరాదనుటకు ఇదియే కారణము.

త్రాడు సాధారణముగా కొమ్మతో ఒరయుచోటనే అరగి తెగును. ఆ చోటు క్రింద నిలిచిన వారికి కానరాదు. కావున పెద్దవారు ప్రతిదినము పైకెక్కి ముడులను పరీక్షింపవలయును. త్రాటికిని కొమ్మకును నడుమ గోనెపట్ట చుట్టవలయును. ఎండకు వానకు నానిన పాత త్రాడు పనికిరాదు. కొమ్మ పచ్చిదై, లావైనదై యుండవలయును. మునగకొమ్మ పెళుసని మనకందరకు తెలిసినదే. ఇనుప ఉయ్యాలయైనచో కొక్కెములు త్రుప్పుపట్టినవేమో చూడవలయును.

ఇక స్థలము. అమెరికా దేశపు వినియోగ వస్తు భద్రతా సంఘము బహిరంగ క్రీడాస్థలములకు చేసిన సూచన ననుసరించి, ఉయ్యాల కట్టిన ఎత్తునకు రెట్టింపు దూరము ముందును, అంతే దూరము వెనుకను ఖాళీగా నుండవలయును. 3 మీటర్ల ఎత్తున కట్టినచో ముందు 6 మీటర్లు, వెనుక 6 మీటర్లు విడువవలెనన్నమాట. మన పెరళ్లలో బావిగట్టు, తులసికోట, ప్రహరీగోడ దగ్గరదగ్గరగా నుండును. అంత చోటు లేనిచో ఉయ్యాలను తక్కువ ఎత్తున కట్టుటయే మేలు. మట్టినేల, గడ్డినేల మెత్తనివని తలచుట పొరపాటు. పడినవానిని అవి కాపాడజాలవు. 9 అంగుళముల మందమున వదులుగా పోసిన ఇసుకయు 4 అడుగుల ఎత్తునుండి పడినవానికే రక్షణ నొసగును.

వీనియన్నిటికంటె ఘోరమైన ప్రమాదము ఇంటిలోపలి చీర ఉయ్యాలలో నున్నది. పసిపాపకై కట్టిన చీరలో పెద్దపిల్లలు దూరి గిరగిర త్రిప్పుకొందురు. బట్ట మెలిపడి మెడకు బిగిసినచో కేక వేయుటకైనను వీలుండదు. ప్రక్కగదిలో తల్లి యున్నను ఆమెకు తెలియదు. ఇట్లు ప్రాణములు కోల్పోయిన బాలబాలికలను గూర్చిన వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. కావున పాపను దించిన వెంటనే చీరను విప్పివేయవలయును, లేదా పిల్లలకందనంత ఎత్తునకు ముడివేయవలయును.

సోదర విద్యార్థులారా! ఊగునపుడు కూర్చుండి, రెండు చేతులతో త్రాళ్లు పట్టుకొనుడు. ఓణీ కొసలను నడుమున దోపుకొనుడు. త్రాళ్లను మెలిపెట్టకుడు, ఉయ్యాల ఆగకమునుపు దూకకుడు. చిన్న తమ్ముడో చెల్లెలో దగ్గరనున్నచో ఒకరు వారిచేయి పట్టుకొని దూరముగా నిలువుడు. రాబోవు పండుగకు ఉయ్యాల కట్టిననాడు, ఎవరును ఎక్కకమునుపే త్రాటిని, కొమ్మను, నేలను పెద్దలచే పరీక్షింపజేయుడు. అటుపిమ్మట నిశ్చింతగా ఊగవచ్చును.