మంచుదారిలో దీపం

ధనుర్మాసపు తెల్లవారుజామున కృష్ణా, గోదావరి డెల్టాలలో ప్రయాణించిన వారికి పొగమంచు కొత్త కాదు. కాలువగట్లు, కోత ముగిసిన వరిచేలు, ఊరి చివరి చింతచెట్లు అన్నీ ఒక తెల్లని తెర వెనుకకు తప్పుకొంటాయి. గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తూనే ఉంటుంది, గుడి మాత్రం కనిపించదు. ఈ దృశ్యంలో సౌందర్యం లేకపోలేదు; కవులు దానిని తగినంతగా వర్ణించారు. అయితే అదే వేళకు పాలక్యాన్లతో మోపెడ్ మీద బయలుదేరిన మనిషికి, గడ్డిమోపులతో ట్రాక్టరు తోలుకొని పోతున్న రైతుకు, వారి వెనుకగా వస్తున్న బస్సు డ్రైవరుకు ఆ తెర ప్రాణసంకటం.

తెలుగులో ‘మంచు’ అనే మాట చాలా ఉదారమైనది. గడ్డిపరకపై నిలిచిన బిందువూ మంచే, హిమాలయ శిఖరాన గడ్డకట్టినదీ మంచే, దారిని కప్పివేసేదీ మంచే. సంస్కృత నిఘంటువులు సైతం నీహారం, తుషారం, హిమం, ప్రాలేయం అనే పదాలను పర్యాయపదాలుగా ఒకే వరుసలో చేర్చాయి. కావ్యానికి ఆ సౌలభ్యం అవసరం. వాతావరణశాస్త్రానికి అది కుదరదు. కంటికి ఆనే దూరం 1000 మీటర్లకు లోబడినప్పుడే ఆ శాస్త్రం దానిని పొగమంచు అంటుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో ఆ దూరం 200 మీటర్లకు తగ్గితే అది దట్టమైన పొగమంచు. 50 మీటర్లకు తగ్గితే అతి దట్టమైనది.

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన శీతకాలపు రాత్రులలో, భూమి తాను పగలు గ్రహించిన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలనంటి ఉన్న గాలి చల్లబడి, అందులోని నీటిఆవిరి అతి సూక్ష్మమైన బిందువులుగా మారుతుంది. కాలువలు, చెరువులు, తడిచేలు ఉన్నచోట గాలిలో తేమ అధికం కనుక మంచు అక్కడ ముందుగా కమ్ముతుంది. అందువల్లనే అది దారి పొడవునా ఒకే తీరుగా ఉండదు. రెండు కిలోమీటర్ల మేర తేటగా ఉన్న రహదారి కాలువ వంతెన దగ్గర ఒక్కసారిగా మాయమవుతుంది. సూర్యుడు ఉదయించగానే మంచు విడిపోతుందని సామాన్యంగా అనుకొంటారు. నిజానికి పొద్దుపొడిచిన తరువాత కొంతసేపు అది మరింత చిక్కబడడం కద్దు. తెల్లవారింది కదా అని దీపాలు ఆర్పివేసే వాహనాలు సరిగా ఆ సమయంలోనే అదృశ్యమవుతాయి. లంబసింగి, మారేడుమిల్లి వంటి కొండప్రాంతాలలో మరొక తీరు కూడా ఉంది: అక్కడ కొండను తాకిన మేఘమే దారిపై పొగమంచుగా పరచుకొంటుంది.

దారి కనిపించనప్పుడు మనిషికి మొదట తోచే ఉపాయం వెలుగును పెంచడం. ఇంటిలో అది సరైన ఉపాయమే. మంచులో మాత్రం బెడిసికొడుతుంది. హెడ్‌లైటును హైబీమ్‌లో ఉంచితే కాంతి తిన్నగా, దూరంగా ప్రసరిస్తుంది. గాలిలో నిలిచి ఉన్న కోటానుకోట్ల నీటిబిందువులు ఆ కాంతిని నలుదిక్కులకూ చెదరగొడతాయి. అందులో కొంత భాగం వెనుదిరిగి డ్రైవరు కంటిలోనే పడుతుంది. వాకిట ఆరవేసిన తెల్లపంచె మీద బ్యాటరీలైటు వేస్తే పంచె మెరుస్తుందే తప్ప దాని వెనుక ఉన్నది కనిపించదు, ఇదీ అంతే. దీపాన్ని లోబీమ్‌కు దించినప్పుడు, అంటే వాడుకలో డిప్పర్ వేసినప్పుడు, కాంతి కిందికి వంగి రోడ్డుపై పడుతుంది. ఎడమ అంచు వైపు మాత్రం కొంచెం ఎక్కువ దూరం సాగుతుంది. కంటికి ఎదురుగా ఉన్న మంచుపొరను అది తక్కువగా వెలిగిస్తుంది కనుక దారి కాస్త మెరుగుగా తెలుస్తుంది. బంపరు దిగువన అమర్చే ఫాగ్‌ల్యాంపుల రహస్యమూ ఇదే. వాటి గొప్పతనం తీవ్రతలో లేదు. నేలకు దగ్గరగా ఉండి, పైకి పోకుండా, వెడల్పుగా పరచుకొనేటట్లు వాటి కాంతిని మలచడంలో ఉంది.

పసుపు కాంతి మంచును చీల్చుకొని పోతుందన్న నమ్మకం ఒకటి చాలకాలంగా ప్రచారంలో ఉంది. ఎరుపు, పసుపు రంగులు తక్కువగానూ నీలం ఎక్కువగానూ పరిక్షేపణం చెందుతాయని బడిలో చదువుకొన్న వారికి అది సహేతుకంగానే తోస్తుంది. కాని ఆకాశపు నీలిమకు కారణమైన ఆ సూత్రం, కాంతి తరంగదైర్ఘ్యం కంటె ఎంతో చిన్నవైన వాయు అణువులకు సంబంధించినది. మంచుబిందువులు ఆ తరంగదైర్ఘ్యం కంటె అనేకరెట్లు పెద్దవి. వాటి ముందు రంగుల భేదం దాదాపు లేదు. పొగమంచు తెల్లగా కనిపించడమే అందుకు నిదర్శనం. పసుపు దీపం కొందరి కంటికి హాయిగా ఉండవచ్చు గాని, అంతకు మించిన మహిమ దానికి లేదు.

వాహనదీపం చేసే పనులు రెండు. నడిపేవారికి దారి చూపడం ఒకటి, వాహనాన్ని ఇతరులకు కనబరచడం రెండవది. మంచులో మొదటి పని కుంటుపడుతుంది. రెండవదే ప్రాణాలను కాపాడుతుంది. చట్టం ఈ సంగతిని ఏనాడో గుర్తించింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 105వ నియమం, సూర్యాస్తమయమైన అరగంట తరువాత దీపాలు వెలగాలని చెప్పి ఊరుకోలేదు. వెలుతురు చాలని ఏ సమయంలోనైనా వెలగవలసిందేనన్నది. ముందున్న మనుషులు, వాహనాలు 155 మీటర్ల దూరాన స్పష్టంగా తెలియాలన్నది అందులోని కొలత. పగటి పొగమంచు ఈ నియమం పరిధిలోనికే వస్తుంది. అదే నియమావళిలోని 108వ నియమం రంగుల సంగతి చెబుతుంది. వాహనం ముందువైపు ఎర్రని కాంతి చూపరాదు. వెనుకవైపు, ఇండికేటరు, రివర్సు లైటు, నంబరు పలకను వెలిగించే దీపం వంటి వాటిని మినహాయిస్తే ఎరుపు తప్ప మరొకటి చూపరాదు. ఇది అలంకారానికి సంబంధించిన నియమం కాదు. వాహనం ఆకారం కనిపించకపోయినా, దీపం రంగును బట్టి అది ఎటువైపు తిరిగి ఉన్నదో ఎదుటివారు గ్రహించడానికి ఏర్పడిన భాష. ముచ్చటపడి బండి ముందు ఎర్రని, వెనుక తెల్లని ఎల్ఇడి పట్టీలు అతికించుకొనేవారు ఆ భాషలో అబద్ధం చెబుతున్నారన్నమాట.

కొత్త కార్లలో మరొక చిక్కు వచ్చింది. ఇంజను పెట్టగానే ముందువైపు వాటంతట అవే వెలిగే పగటిదీపాలు చాల వాటికి ఉన్నాయి. ముందు వెలుగు చూసి దీపాలన్నీ వెలుగుతున్నాయని డ్రైవరు భ్రమపడతాడు. పెక్కు కార్లలో ఆ సమయాన వెనుక ఎర్రదీపాలు వెలగవు. వెలుతురును పసిగట్టి వాటంతట అవే వెలిగే హెడ్‌లైట్లనూ నమ్ముకోరాదు. ఆ యంత్రం కొలిచేది వెలుతురును మాత్రమే. తెల్లని పగటిమంచులో వెలుతురుకు కొదవ ఉండదు, కనబడేది మాత్రం ఏమీ ఉండదు. చేతితో మీట తిప్పి లోబీమ్ వేసికొనడమే అక్కడ శరణ్యం. ద్విచక్రవాహనాల విషయంలో ప్రభుత్వం ఈ బాధ్యతను మనిషికి వదలలేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్తవాటికి ఇంజనుతో పాటే హెడ్‌లైటు వెలిగే ఏర్పాటును తప్పనిసరి చేసింది. పట్టపగలు లైటు వేసికొని పోతున్నారని ఎదురైన ప్రతివారూ చేయి ముడిచి, విప్పి సైగ చేసిన రోజులు అవి.

దీపం ఎంత సరిగా వెలిగినా వేగానికి అది విరుగుడు కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక సెకనులో సుమారు 17 మీటర్లు సాగుతుంది. అడ్డంకిని చూసి బ్రేకుపై కాలు వేయడానికే ఒక సెకను పడుతుందనుకొంటే, పొడిరోడ్డు మీద, మంచి టైర్లతో, అది ఆగేసరికి 40 మీటర్లు దాటుతుంది. మంచు కురిసి తడిసిన రోడ్డుపై ఇంకా ఎక్కువ. 50 మీటర్లకు మించి కనబడని మంచులో ఇది చాలునని అనిపించవచ్చు. కాని నడుమ గోడలేని ఒంటిరోడ్డుపై, మరొక వాహనాన్ని దాటబోయి ఎవరైనా ఎదురుగా వస్తే, ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ 50 మీటర్లే. ఒక్కొక్కరి వాటా 25. అందులో ఆగాలంటే వేగం 40 లోపు ఉండవలసిందే. ముందుపోయే లారీ ఎర్రదీపాలను ఆనవాలుగా పట్టుకొని, దాని తోకనంటి పోవడం చాలమందికి క్షేమమార్గంగా తోస్తుంది. ఆ లారీ డ్రైవరుకూ దారి కనబడడం లేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. 2017 నవంబరులో యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై పొగ, మంచు కలిసి కమ్ముకొన్న ఉదయాన అనేక వాహనాలు ఒకదాని వెనుక ఒకటి ఢీకొన్నాయి.

మంచు లేని చీకటిలోనూ ఎదుటివారి కంటిని కాపాడవలసిన బాధ్యత ఉంది. కటికచీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును చెడగొట్టడానికి హైబీమ్ ఒక్క క్షణం చాలు. కళ్లు బైర్లు కమ్మి మూడు సెకన్లు ఏమీ కనబడకపోతే, 60 కిలోమీటర్ల వేగంలో 50 మీటర్ల దూరం గుడ్డిగా గడిచినట్లే. ఆ 50 మీటర్లలో కాలినడకన తిరుమలకు పోతున్న భక్తబృందం ఉండవచ్చు. 106వ నియమం దీనికొక కొలత పెట్టింది: దీపానికి 8 మీటర్ల దూరంలో, దాని కుడివైపుకు అరమీటరు ఎడంగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని ఆ కాంతి మిరుమిట్లు గొలపరాదు. ఒకటిన్నర మీటరు ఎత్తు అంటే నిలుచున్న మనిషి కన్ను. రహదారిపై నడిచే సామాన్యుడిని లెక్కలోనికి తీసికొన్న కొలతగా దీనిని చదువుకోవచ్చు. లారీల వెనుక రంగురంగుల అక్షరాలతో కనిపించే ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అన్న వాక్యం ఈ నియమానికి జానపద భాష్యం. సంక్రాంతికి ఊరు పోతూ కారు డిక్కీ నిండా సామాను నింపితే వెనుకభాగం కుంగి, ముందుభాగం పైకి లేచి, లోబీమ్ కూడా ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఆ కాంతిని తిరిగి కిందికి దించడానికి స్టీరింగు పక్కన అంకెలు వేసిన చిన్న చక్రం అనేక కార్లలో ఉంటుంది. దానిని ఒక్కసారైనా తిప్పినవారు అరుదు.

అతి దారుణమైన ప్రమాదాలకు కారణం కదిలే వాహనాలు కావు. దీపం లేకుండా ఆగిన వాహనాలు. టైరు పగిలి రోడ్డుపైనే నిలిచిన లారీ, వెనుక ఏ దీపమూ లేని ట్రాక్టరు ట్రక్కు, చెరకుబండి మంచులో కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ఇతరులకు అపాయం కలిగేటట్లు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో వదలరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షను శాసిస్తున్నది. హజార్డ్ లైట్లు పుట్టినది ఇటువంటి సందర్భం కోసమే. మంచులో వాటిని వేసికొని ప్రయాణం సాగించడం ఇటీవల ఆచారమయింది. దానివల్ల వాహనం ఆగి ఉన్నదో కదులుతున్నదో వెనుకవారికి తెలియదు; మలుపు తిరిగేటప్పుడు వేసే ఇండికేటరు ఆ రెపరెపలలో కలిసిపోతుంది. ట్రాక్టరు ట్రక్కుకు వెనుక దీపం వైరు తెగిపోతే బాగుచేయించే తీరిక కోతల రోజులలో రైతుకు ఉండకపోవచ్చు. రేడియం స్టిక్కరు అని జనం పిలిచే మెరుపుపట్టీకి వైరుతో పని లేదు. వెనుక వచ్చే వాహనపు వెలుగునే తిరిగి దాని డ్రైవరుకు పంపుతుంది. గడ్డి కిందికి వేలాడి దానిని కప్పివేయకుండా చూసుకొంటే చాలు.

బారెడు పొద్దెక్కాక మంచు విడిపోయి దారి తేటపడుతుంది. అప్పుడు ఆర్పవలసిన దీపం ఒకటి ఉంది. కొన్ని కార్లకు వెనుకవైపున, మంచులో దూరానికి కనబడడం కోసం మామూలు దీపాల కంటె ఎంతో తీవ్రమైన ఎర్రదీపం అమర్చి ఉంటుంది. తేటపగటిలోనూ అది వెలుగుతూ ఉంటే వెనుకవారి కంటికి బాధ. అంతకంటె ముఖ్యంగా, దాని ధాటిలో బ్రేకులైటు వెలిగినదీ లేనిదీ వారు పోల్చుకోలేరు. ఆ దీపం వెలుగుతున్నదని నడిపేవారికి తెలిపేది డ్యాష్‌బోర్డుపై ఉండే చిన్న నారింజరంగు గుర్తు ఒక్కటే.