ఖతార్ ప్రయాణమా.. వీసా చూసుకోండి!
చిన్న దేశం.. పెద్ద ఆశలు, జిల్లా యువత తెలుసుకోవాల్సిన సంగతులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: గల్ఫ్ వలస అనగానే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పేర్లే గుర్తుకు వస్తాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి వెళ్లేవారి సంఖ్య వాటితో పోలిస్తే తక్కువే. అయితే ఆ తక్కువతనమే ఇక్కడివారికి ఒక ఇబ్బందిగా మారుతోంది. జగిత్యాల పల్లెల్లో ఇంటికొకరు గల్ఫ్ చూసి వచ్చినవారుంటారు. ఏజెంటు చెప్పేది నిజమో అబద్ధమో పక్కింట్లో అడిగితే తెలిసిపోతుంది. జనగామలో బోరు ఎండిన రైతుకు, మానుకోట తండాలో మిర్చి నష్టపోయిన కుటుంబానికి, భూపాలపల్లిలో సింగరేణి కొలువు దక్కని యువకుడికి ఆ సౌకర్యం లేదు. ఏజెంటు మాటే వేదవాక్కు అవుతోంది. ఈ నేపథ్యంలో ఖతార్ వెళ్లదలచినవారికి ఆ దేశం గురించి, అక్కడి చట్టాల గురించి అవగాహన అవసరం.

ఉమ్మడి జిల్లా అంత లేదు

ఖతార్ విస్తీర్ణం సుమారు 11,600 చదరపు కిలోమీటర్లు. 2016లో విభజించక ముందు వరంగల్ జిల్లా విస్తీర్ణం 12,846 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక దేశం మొత్తం మన పాత జిల్లాలో ఇమిడిపోతుందన్నమాట. మూడు వైపులా సముద్రం, దక్షిణాన సౌదీ అరేబియా. నది ఒక్కటి కూడా లేదు. కాళేశ్వరం వద్ద గోదావరి, ప్రాణహితల సంగమం చూసి పెరిగినవారికి ఇది వింతగా తోచవచ్చు గానీ, అక్కడ తాగే నీరు దాదాపుగా సముద్రపు నీటిని శుద్ధి చేసి తెచ్చుకునేదే.

ఒకప్పుడు ముత్యాల వేట, చేపల వేటే జీవనాధారంగా ఉన్న ఈ దేశంలో 1939-40లో దుఖాన్ వద్ద చమురు బయటపడింది. 1971 సెప్టెంబరు 3న బ్రిటన్ రక్షణ ఛత్రం నుంచి వైదొలగి స్వతంత్ర దేశమైంది. అదే ఏడాది సముద్ర గర్భంలో అపార సహజవాయు నిక్షేపాలు వెలుగు చూశాయి. నేటి సంపదకు మూలం ఆ వాయువే. రాజధాని దోహా. 2013 నుంచి షేక్ తమీమ్ బిన్ హమద్ అల్ థానీ పాలకుడిగా ఉన్నారు. జనాభా సుమారు 30 లక్షలు కాగా, అందులో స్వదేశీయులు ఎనిమిదో వంతుకు మించరు. మిగిలినవారంతా పొట్టచేతపట్టుకుని వచ్చినవారే. వారిలో భారతీయులదే అగ్రస్థానం. తెలుగువారు ఏర్పాటు చేసుకున్న సాంస్కృతిక సంఘాలూ దోహాలో ఉన్నాయి. మన గడియారం కంటే అక్కడి సమయం రెండున్నర గంటలు వెనుక. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు.

జీతం ఎంత?

ఖతార్ రియాల్ విలువ డాలరుతో ముడిపడి ఉంటుంది. 3.64 రియాళ్లు ఒక డాలరు. రూపాయల్లో ఇది సుమారు 24 అనుకోవచ్చు. 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఏ దేశపు కార్మికుడికైనా, ఇంటి పనివారికైనా నెలకు కనీస వేతనం 1,000 రియాళ్లు. వసతి కల్పించకపోతే మరో 500, భోజనం పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. ఇది కనీసం మాత్రమే. ఎలక్ట్రీషియన్, వెల్డర్, భారీ వాహన డ్రైవర్ వంటి నైపుణ్యం ఉన్నవారికి ఇంతకంటే ఎక్కువే దక్కుతుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. అంతకు మించితే అదనపు వేతనం చెల్లించాలి. ఏడాది సర్వీసుకు కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున, వెళ్లేటప్పుడు గ్రాట్యుటీ లభిస్తుంది.

2022 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ముందు అంతర్జాతీయ విమర్శల ఒత్తిడితో ఖతార్ కార్మిక చట్టాలను గణనీయంగా మార్చింది. యజమాని అనుమతి లేకుండా దేశం విడిచి వెళ్లరాదన్న నిబంధనను 2018లో అధిక శాతం కార్మికులకు, 2020లో ఇంటి పనివారికి తొలగించింది. యజమాని నుంచి నిరభ్యంతర పత్రం లేకుండానే వేరే కొలువుకు మారే హక్కు 2020లో వచ్చింది. రెండేళ్ల లోపు సర్వీసు ఉంటే నెల రోజులు, ఆపైన ఉంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. యజమాని కార్మికుడి పాస్‌పోర్టును తన వద్ద ఉంచుకోవడం నేరం. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఆచరణలో జీతాల బకాయిలు, పాస్‌పోర్టు లాక్కోవడం వంటి ఫిర్యాదులు ఆగిపోలేదన్నదీ వాస్తవం.

ఎండ విషయంలోనూ భ్రమలు వద్దు. బొగ్గు గనుల ప్రాంతంలో 45 డిగ్రీలు చూసినవారికి ఆ అంకె కొత్త కాకపోవచ్చు. సముద్రపు తేమ తోడైతే చెమట ఆరదు, శరీరం చల్లబడదు. అందుకే జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 గంటల వరకు ఆరుబయట పనులు నిషిద్ధం.

అసలు చిక్కు ఇక్కడే

పైన చెప్పిన హక్కులన్నీ ఉద్యోగ వీసాపై వెళ్లినవారికే. భారతీయ పర్యాటకులు ముందస్తు వీసా లేకుండానే ఖతార్‌లో దిగేందుకు 2017 నుంచి వీలు కల్పించారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ఉండాలి. నాలుగు రోజులు దోహా చూసి వచ్చేవారికి ఇది ఎంతో మేలు. కానీ కొందరు సబ్ ఏజెంట్లు ఈ వెసులుబాటునే ఎరగా వాడుతున్నారు. ‘ముందు విజిట్‌పై వెళ్లు, అక్కడ కంపెనీ వీసాగా మారుస్తాం’ అంటారు. గడువు ముగిశాక ఆ వ్యక్తి అక్రమ నివాసి. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేడు. గల్ఫ్ వెళ్లొచ్చినవారి భాషలో ‘ఖల్లివెల్లి’ బతుకు. ‘ఆజాద్ వీసా’ పేరిట అమ్మేదీ ఇలాంటిదే. స్పాన్సర్ ఒకరు, పని మరొకరి దగ్గర. అది ఖతార్ చట్టం దృష్టిలో నేరం.

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ హోదా ఉంటుంది. ఖతార్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వీరికి వలసదారుల రక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఇది అడ్డంకి కాదు, రక్షణ. ఈ అనుమతితో పాటే రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియంతో రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలు ఈ దేశాల్లో పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ఇంటి పనికైతే ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో టామ్‌కామ్ అటువంటి ప్రభుత్వ సంస్థే.

హైదరాబాద్‌లో ఖతార్ వీసా కేంద్రం ఉంది. వైద్య పరీక్షలు, వేలిముద్రలతో పాటు ఉద్యోగ ఒప్పందంపై సంతకం కూడా ఇక్కడే. ఈ కేంద్రంలో రుసుము చెల్లించాల్సింది యజమాని. ఏజెంటు డ్రైవర్ పని అని చెప్పి, ఒప్పందంలో కూలీ పని అని ఉంటే సంతకం పెట్టకుండా వెనక్కి రావడమే మేలు. దోహాలో దిగాక చేయగలిగేది తక్కువ.

లైసెన్సు ఉన్న ఏజెంటు వసూలు చేయదగిన గరిష్ఠ రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. దీనికి భిన్నంగా లక్షన్నర అప్పు తెచ్చి ఇచ్చారనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రూ.3,000. కనీస వేతనంలో రూ.18,000 మిగిల్చి పంపినా అప్పు తీరేసరికి తొమ్మిది నెలలు దాటుతుంది. రెండేళ్ల ఒప్పందంలో అది మూడో వంతు కంటే ఎక్కువ.

సామాన్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మసాలాకు వాడే గసగసాలను గల్ఫ్ దేశాల్లో మత్తు పదార్థాల కోవలో చూస్తారు. కొన్ని నొప్పి మాత్రలకు డాక్టరు చీటీ లేకపోతే కేసే. ఊరివారు ‘మావాడికి ఇవ్వు’ అని ఇచ్చే పొట్లాన్ని విప్పి చూడకుండా తీసుకెళ్లరాదు. ఆవకాయ సీసా అని తీసుకెళ్తే అందులో గంజాయి దొరికినా జైలుకు వెళ్లేది తెచ్చినవాడే.

ఆపదలో దోహాలోని భారత రాయబార కార్యాలయాన్ని, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరులో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్‌ను ప్రారంభించారు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం రూ.5 లక్షల పరిహారం ఇవ్వాలని అదే ఏడాది ఉత్తర్వులు వెలువడ్డాయి. 2023 డిసెంబరు 7 నుంచి సంభవించిన మరణాలకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు చేసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, బీమా కాగితాల నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచి వెళ్తే, ఇలాంటి సమయంలో కుటుంబ సభ్యులు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని తగ్గుతుంది.