కెమెరా చిన్నదైనప్పుడు తొలగిపోయిన దేమి?

2024వ సంవత్సరము మే నెలలో జపాను దేశపు పానసోనిక్ సంస్థ ల్యూమిక్స్ ఎస్ 9 అను క్రొత్త కెమెరాను ప్రకటించెను. చూచుటకు చిన్నపెట్టె; లోపల ఫుల్ ఫ్రేమ్ సెన్సార్. ఇట్టి కెమెరాకై ఎదురుచూచినవారు లోకమున పెక్కుమంది కలరు. అయినను, ప్రకటన వెలువడిన నాడే వారిలో అనేకులు నిరాశ చెందిరి. ఆ నిరాశ వట్టి గొణుగుడా, లేక దానికి శాస్త్రసమ్మతమైన కారణము కలదా యని విచారింపవలసి యున్నది. ప్రకటించిన ధర 1,499 డాలర్లు. అనగా మన నాణెములలో లక్షకు పైమాట. ఒక కుటుంబము కూడబెట్టిన ధనము దానికి పోవునపుడు ఈ విచారణ వ్యర్థము కాదు.

ఫుల్ ఫ్రేమ్ అనగా 36 మిల్లీమీటర్ల పొడవును, 24 మిల్లీమీటర్ల ఎత్తును గల చిత్రక్షేత్రము. ఈ కొలత సినిమా ఫిల్మునుండి వచ్చినది. జర్మనీలో లైట్జ్ కర్మాగారమున పనిచేసిన ఆస్కార్ బార్నాక్ అను యంత్రనిపుణుడు ఉబ్బసపు రోగి. గాజుపలకల పెద్ద కెమెరాలను మోయుట ఆయనకు దుస్సాధ్యము. అందుచే 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మును అడ్డముగా నడపి, రెండు సినిమా చిత్రములు పట్టు చోట ఒక్క చిత్రము పడునట్లు 1914 ప్రాంతమున ఒక చిన్న కెమెరాను నిర్మించెను. అదియే 1925లో లైకా అను పేర విపణికి వచ్చెను. కావున ఫుల్ ఫ్రేమ్ కెమెరా పుట్టుకతోనే చిన్నది. దానిని మెడకు భారముగా పెంచినది తరువాతి కాలము. ఈ చరిత్ర నెరిగినవారికి, చిన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా యనగానే ఆశ కలుగుట సహజము.

పెద్ద సెన్సార్ వలన లాభమేమి? ముఖ్యముగా వెలుతురు. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు. అదే సంస్థ చిన్న కెమెరాలలో వాడు మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సార్ వైశాల్యము సుమారు 225. అనగా పెద్దది చిన్నదానికి దాదాపు నాలుగు రెట్లు. కటకపు ద్వారము సమానమైనచో, అది గ్రహించు వెలుతురును నాలుగు రెట్లే. సంధ్యాసమయపు చిత్రములలో మచ్చ తక్కువగా నుండుట కిదియే కారణము. అయితే ఎస్ 9తో పాటు సంస్థ ప్రకటించిన 26 మిల్లీమీటర్ల పలుచని కటకపు ద్వారము ఎఫ్ 8 వద్ద స్థిరము. దానిని విప్పుటకు వీలులేదు. ఫోకస్‌ను చేతితోనే సరిచేసికొనవలెను. బరువు 58 గ్రాములే యనుట మెచ్చదగినదే. కాని ఎఫ్ 8 ఇచ్చు వెలుతురు ఎఫ్ 4 ఇచ్చుదానిలో నాలుగవ వంతు. నాలుగు రెట్లు పెద్ద తొట్టిని కొని, దానికి నాలుగవ వంతు ధార గల కొళాయిని బిగించినట్లయినది. వేరు కటకములు తగిలింపవచ్చును, నిజమే. కాని ఫుల్ ఫ్రేమ్‌ను నింపు విశాలద్వారపు కటకములు సాధారణముగా లావైనవి. అట్టిది తగిలించిన పిదప చిన్నపెట్టె చిన్నదనము ఎంతసేపు నిలుచును?

ఇక షట్టర్ సంగతి. ఎస్ 9లో యాంత్రిక షట్టర్ లేదు. సెన్సార్‌లోని వరుసలను పైనుండి క్రిందికి ఒకదాని వెంట నొకటిగా విద్యుత్తుతోనే చదువుదురు. ఈ పని ముగియుటకు సెకనులో సుమారు 50వ వంతు పట్టును. ఆ స్వల్పకాలమున లోకము నిలిచియుండదు.

మన మారతహళ్ళి వాసులకు హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయమునుండి లేచు హెలికాప్టర్లు చిరపరిచితములు. 2008 మే నెలలో ప్రయాణికుల విమానములు దేవనహళ్ళికి తరలిపోయినను, ఈ చప్పుడు మాత్రము మనలను విడువలేదు. హెలికాప్టర్ పైరెక్కలు సెకనుకు అయిదుమారులు తిరుగుచున్నవనుకొందము. సెకనులో 50వ వంతులో అవి వలయమున పదవ వంతు, అనగా 36 డిగ్రీలు కదలును. పై వరుసను చదివినపుడు రెక్క యున్నచోటు వేరు. క్రింది వరుసకు వచ్చునప్పటికి వేరు. హెలికాప్టర్ చిత్రమంతట నిండియున్నచో తిన్నని రెక్క కొడవలివలె వంగి కనబడును. ఒక్కొక్క వరుసకు వెలుతురు సోకు కాలమును సెకనులో 1,000వ వంతుకు తగ్గించినను వంకర పోదు. వరుసకును వరుసకును నడుమ నున్న జాప్యము తగ్గదు గదా!

దీపముల క్రింద వేరొక చిక్కు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, కొన్ని దీపములు సెకనుకు 100 మారులు మినుకుమినుకుమనును. కన్ను దానిని గుర్తింపదు. 50వ వంతు సెకనులో రెండు మినుకులు పడును గనుక, పాఠశాల వార్షికోత్సవమున వేగముగా తీసిన నాట్యచిత్రముపై రెండు నల్లని పట్టీలు అడ్డముగా పడవచ్చును. ఫ్లాష్ వేసి తప్పించుకొందమన్నచో, కెమెరా తలపైనున్న గాడిలో విద్యుత్ సంబంధమే లేదు! యాంత్రిక షట్టర్ తెరలు ఇదే దూరమును సెకనులో సుమారు 250వ వంతులో దాటును. లోపము పూర్తిగా నశింపదుగాని అయిదవ వంతుకు తగ్గును. చేతిఫోనులో మాత్రము యాంత్రిక షట్టర్ ఉన్నదా యని కొందరడుగుదురు. లేదు, కాని దాని సెన్సార్ మిక్కిలి చిన్నది గనుక, త్వరగా చదువుట తేలిక.

కంటికి ఆనించి చూచు వ్యూఫైండర్ కూడ తొలగింపబడినది. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెనుకనున్న తెర వెలవెలబోవును. అంతకంటె, నుదుటికి ఆనించిన కెమెరాకు గల నిలకడ చేతులు చాచి పట్టినదానికి రాదు.

ఇన్ని త్యాగములు చేసి పొందిన దెంత? బ్యాటరీతోను కార్డుతోను ఎస్ 9 బరువు 486 గ్రాములు. సోనీ సంస్థ 2020 సెప్టెంబరులో ప్రకటించిన ఏ7సి అను చిన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా అదే విధముగా తూచినచో 509 గ్రాములు. అందు చిన్నదైనను వ్యూఫైండర్ కలదు, యాంత్రిక షట్టర్ కలదు, ఫ్లాష్‌కు చోటు కలదు. భేదము 23 గ్రాములు! ఎస్ 9 మందము తక్కువయన్నది నిజమేగాని, నిరాశకు మూలమీ 23 గ్రాములని నా యభిప్రాయము.

దాని గుణములను గూడ చెప్పకుండుట న్యాయము కాదు. 24 మెగాపిక్సెళ్ళ సెన్సార్ ఆ సంస్థ పెద్ద కెమెరాలలోనిదే. చేయి వణుకును సరిదిద్దు అమరికయు మంచిది. చలనచిత్రములకు యాంత్రిక షట్టర్ ఎట్లును అక్కరలేదు గనుక, వీడియోలు తీయువారికి లోటు తక్కువ. సంస్థ మనసులో నున్నవారు వారే. కాని ప్రచారపు పుటలలో ఈ కెమెరాతో తీయని, చిత్రవిక్రేతల ఛాయాచిత్రములను వాడి, పిదప క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చుట సంస్థకు శోభ నీయలేదు.

ఇట్టి కెమెరాను కొనదలచినవారు దుకాణమునందే పరీక్షింపవచ్చును. వేగమును 1,000వ వంతుకు పెట్టి, అచ్చటి దీపముల క్రింద తెల్లని గోడను చిత్రింపుడు. పట్టీలు పడినచో అక్కడనే కనబడును. దీపములు మినుకని రకమువైనచో పడవు. అప్పుడు తిరుగుచున్న పంకాను చిత్రించి, రెక్కలు తిన్నగా నున్నవో లేవో చూడుడు.