అధరరాగము - పెదవి గీతలు

తెలుగు కవులకు పెదవియన్న వల్లమాలిన ప్రీతి. దొండపండనిరి, పగడమనిరి, చిగురుటాకనిరి, మంకెనపూవనిరి. కెమ్మోవియనియు, వాతెరయనియు ముద్దుపేరులు పెట్టిరి. ఈ ఉపమానములన్నిటియందును ఒక సామాన్య ధర్మము కలదు. ఇవి యన్నియు నున్నని వస్తువులు. నిజమైన పెదవి మాత్రము నున్ననిది కాదు. అద్దమును దగ్గఱగా పట్టి చూచినచో నిలువుగా కొన్ని, ఏటవాలుగా కొన్ని, కొమ్మలు చీలినట్లు మఱికొన్ని సన్నని గీతలు కనబడును. ఆ గీతలే నేటి స్త్రీలకు ఒక చిక్కు తెచ్చిపెట్టినవి. ఉదయము పూసికొన్న లిప్‌స్టిక్కు మధ్యాహ్నమగునప్పటికి పెదవి నడుమ వెలిసిపోయి, గీతలలో మాత్రము గుంపుగూడి, ఎండిన చెరువు అడుగువలె నెఱ్ఱెలు చూపును.

ఇది అల్పవిషయమే యని తోసివేయవచ్చును. కాని నలుబదియేండ్లు దాటిన స్త్రీ ఒకతె అద్దములో ఆ నెఱ్ఱెలను చూచి, "ఇక ఈ వయసున మనకెందులకు?" అని తన ముచ్చటను మానుకొనుట అల్పవిషయము కాదు. అలంకరించుకొనుటయు మానుటయు ఆమె ఇష్టము. ఆ నిర్ణయము తెలిసి చేసినదై యుండవలెను. రంగు గీతలలో చేరుటకు వయసు ఒక కారణము మాత్రమే. తక్కిన కారణములు పదార్థముల స్వభావమునందును, పూయు పద్ధతియందును ఉన్నవి. వానిని తెలిసికొన్నచో చాలవఱకు సవరించుకొనవచ్చును.

పెదవి చర్మము శరీరమునందలి తక్కిన చర్మము వంటిది కాదు. దానికి రోమములు లేవు, చెమట గ్రంథులు లేవు. పైపొర మిక్కిలి పలుచన. అందుచేతనే లోపలి రక్తపు ఛాయ పైకి తోచి పెదవి ఎఱ్ఱగా కనబడును. ఏ గుణము వలన దానికి అందము వచ్చినదో ఆ గుణము వలననే రక్షణయు కొఱవడినది. గాలికిని ఎండకును దానిలోని తేమ త్వరగా ఆరిపోవును. మాటలాడుటకు, నవ్వుటకు, భుజించుటకు అనుక్షణము ముడుచుకొని విచ్చుకొను అవయవము గనుక మడతలు తప్పవు. వయసు పెరిగినకొలది చర్మమునకు బిగువునిచ్చు తంతువులు తగ్గి, పెదవి పలుచబడి, గీతలు లోతగును. ఎండయు, పొగత్రాగుటయు ఈ మార్పును త్వరపెట్టును. పైపెదవికి ఎగువను నిలువు ముడుతలు ఏర్పడినపుడు రంగు పెదవి గట్టును దాటి వానివెంట ప్రాకును.

ఈ సందర్భమున ప్రాచీనుల పద్ధతి పరిశీలింపదగినది. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని దినచర్యను చెప్పుచు, అతడు మైనమును లత్తుకను పెదవికి పెట్టుకొని, అద్దములో ముఖము చూచుకొని, తాంబూలము గ్రహింపవలెనని విధించెను. అధరరాగము ఆ కాలమున పురుషునకును ఉచితమే యని దీనివలన తెలియుచున్నది. వ్యాఖ్యాత యశోధరుడు తన జయమంగళయందు ఆ క్రమమును విప్పి చెప్పెను. కొంచెము తడిగానున్న లత్తుక ముద్దతో మొదట పెదవిని రుద్దవలెను. పిమ్మట తాంబూలము సేవింపవలెను. కడపట మైనపు గుళికతో అద్దవలెను. కాళిదాసు కుమారసంభవము సప్తమసర్గమున పార్వతిని పెండ్లికూతును చేయు ఘట్టమునందు ఆమె క్రిందిపెదవిని వర్ణించుచు, దానిని విభజించు రేఖను పేర్కొని, కొంచెము మైనము రాయుటచే దాని రంగు తేటపడినదనెను. రేఖయు మైనమును ఒకే శ్లోకమున చేరినవి. ఆ మహాకవి రేఖను లోపముగా కాక శోభగానే చూచెను.

లత్తుక లక్కపురుగుల వలన లభించు రంగు. తాంబూలపు ఎఱుపువలె అదియు చర్మమున కొంత ఇంకును. నేటి లిప్‌స్టిక్కు మార్గము వేఱు. మైనము, నూనె, రంగుపొడి అను మూడును కలిసి అది తయారగును. తేనెమైనము సుమారు 63 డిగ్రీల వేడికి కరగును. బ్రెజిలు దేశమునందలి ఒక తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నోబా మైనము 80 డిగ్రీలు దాటినగాని కరగదు. ఇట్టి మైనములను కలుపుటచే కడ్డీకి గట్టిదనము వచ్చును. నూనెలలో చిరకాలముగా ముఖ్యమైనది ఆముదము. దాని చిక్కదనము రంగును పట్టి ఉంచును. పాలమూరు, నల్లగొండ మెట్టపొలములలో తరతరములుగా పండిన ఆముదపు పంటకు ప్రపంచపు అలంకరణ పేటికతో ఇట్టి చుట్టఱికము కలదు.

ఈ రంగుపొడి చర్మమున ఇంకదు. పైన పొరగా నిలుచును. నిలిచినది కదలవచ్చును, జారవచ్చును. దీనిని నివారించుటకై హేజెల్ బిషప్ అను అమెరికా రసాయనవేత్త చర్మమునకే పట్టు రంగులు గల లిప్‌స్టిక్కును 1950లో విక్రయమునకు తెచ్చెను. తెలిసియో తెలియకయో అది లత్తుక మార్గమే. కాని అట్టి రంగులకు పెదవిని ఎండించు గుణము కలదు. కొందఱికి సరిపడక పెదవి వాచుటయు కలదు. రంగును ఇంకించి, పైన మైనము అద్దుమనిన యశోధరుని క్రమమునకు ప్రయోజనము ఇచ్చట స్పష్టమగుచున్నది. రంగు చేయు శోషణమును మైనము కొంత అడ్డును.

ఇక రంగు గీతలలో చేరుటకు కారణములు మూడు. మొదటిది పెదవి ఎండియుండుట. పొలుసులు లేచిన చోట రంగు చిక్కి ముదురుగా కనబడును. రెండవది నూనె ఎక్కువగుట. సన్నని సందులలోనికి ద్రవము తనంతట ప్రాకుటను కేశనాళికీయత యని విద్యార్థులు చదివియే యుందురు. దీపపు వత్తి నూనె పీల్చుటయు, గరుకు కాగితముపై సిరా అలముకొనుటయు ఇదియే. తళతళలాడు రకములు ఇందుచేతనే జారును. మూడవది మందపు పూత. మెఱుపులేని రకములలో పొడిపాలు హెచ్చు, నూనె తక్కువ. అవి అంతగా ప్రాకవు గాని, పెదవి కదలినపుడు వంగలేక గీతలవద్ద పగులును. కనుక ఏ రకమునకు ఆ రకపు దోషము కలదు.

గోడకు సున్నము వేయువాడు ముందు గోడను సిద్ధపఱచును. ఇచ్చటను అంతే. పెదవిని గరుకు వస్తువులతో తోమి పొలుసులు పెఱుకరాదు. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, వెన్నగాని, నేయిగాని, మైనము కలిసిన లేపనముగాని పలుచగా రాసి, పది నిమిషములు ఊరకుండవలెను. పిమ్మట మిగిలిన జిడ్డును అద్ది తీసివేయవలెను. ఈ తుదిపని మఱచుటచేతనే పలువురి శ్రమ వ్యర్థమగుచున్నది. జిడ్డు మీద పూసిన రంగు జారక మానదు. తరువాత మైనపు పాలు హెచ్చుగా గల పెదవి పెన్సిలుతో గట్టున సన్నని గీత గీసినచో అది పొలమునకు గట్టువలె రంగును ఆపును. మొదటి పూత పలుచగా వేసి, మెత్తని కాగితము పెదవుల నడుమ నొక్కి, రెండవ పూతయు పలుచగానే వేయవలెను. మధ్యాహ్నము రంగు చెదరినచో పాతదాని మీద కొత్తది పూయరాదు. తుడిచి మరల పూయవలెను. రాత్రి నిద్రకు ముందు నూనెతో తీసివేయుట మేలు. పెదవి ఎండినదని నాలుకతో తడుపుకొను అలవాటు మాత్రము విడువవలెను. ఆ తడి ఆరుచు ఉన్న తేమను కూడ కొనిపోవును.

ఒక హెచ్చరిక అవసరము. కొన్ని పగుళ్లు రంగుతో కప్పవలసినవి కావు. నోటి మూలలు మాటిమాటికి చీలుచుండుట ఇనుము కొఱతకుగాని, రైబోఫ్లావిను అను బి2 విటమిను కొఱతకుగాని గుర్తు కావచ్చును. పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు చాలని ఇండ్లలోని పిల్లలయందు ఉపాధ్యాయులు దీనిని కనిపెట్టవచ్చును. పెదవిపై లేచిన పుండు రెండు మూడు వారములకును మానకున్నచో, ముఖ్యముగా పొగాకు వాడువారు, వైద్యునికి చూపింపవలెను. అట్టిదానిని రంగు మాటున దాచుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

ఈ గీతలకు మఱియొక విశేషము కలదు. జపాను దేశమున సుజుకీ, త్సుచిహాషి యను ఇరువురు పరిశోధకులు 1970 ప్రాంతమున పెదవి ముద్రలను వర్గీకరించి, అవి వ్యక్తివ్యక్తికి భిన్నముగా నుండునని చెప్పిరి. అప్పటినుండి నేరపరిశోధనయందు పెదవి ముద్రల పరిశీలన ఒక శాఖగా పెరిగినది. వ్రేలిముద్రవలె ఈ గీతలును మనిషికి సొంతమైన వ్రాతయన్నమాట. బాల్యమునుండి పలికిన పలుకులును, నవ్విన నవ్వులును ఆ పెదవిమీదనే కదలినవి. రంగు ఆ వ్రాతను చెఱిపివేయలేదు, చెఱుపవలసిన పనియు లేదు. పెదవిని తడి ఆఱకుండ కాపాడి, పలుచగా పూసినచో గీతలును రంగును పొత్తుగానే ఉండగలవు. కాళిదాసు రేఖను చెప్పిన పిమ్మటనే కదా మైనపు మెఱుగును చెప్పినది!