కోడిగుడ్డు పులుసు

ఉడికించిన కోడిగుడ్లను చింతపండు పులుసులో మరిగించి చేయు తెలుగువారి వంటకమును కోడిగుడ్డు పులుసు అందురు. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను వాడుకలో ఉన్నది. కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములలో దీనిని వేరుశనగ పొడితో చిక్కగా చేసి రాగి సంగటితో గాని, జొన్నరొట్టెతో గాని, అన్నముతో గాని తిందురు. ఈ ప్రాంతములు పూర్వము అనంతపురము జిల్లాలో ఉండెను. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి.

ఊరి జాతరకు గాని, పెండ్లి మరునాడు గాని ఇంటినిండ బంధువులు ఉన్నపుడు, చాలవరకు ముందురోజే సిద్ధము చేసికొని ఉదయము పదిగంటల వేళ అందరికి వడ్డించుటకు వీలైన వంటలలో ఇది ఒకటి. అయితే పులుపు ఉన్నది గనుక చెడిపోదను నమ్మకముతో గుడ్లు వేసిన పులుసును రాత్రంతయు బయట ఉంచుట ప్రమాదకరము. ఏ పని ముందురోజు చేయవచ్చును, ఏ పని ఉదయమునకు వదలవలెను అను విషయము ఈ వంటకములో ముఖ్యమైనది.

పేరు, స్థానిక పదములు

పులుపు ప్రధానమైన కూర గనుక పులుసు అను పేరు వచ్చినది. రాయలసీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అనియు, వెల్లుల్లిని తెల్లగడ్డ అనియు, వేరుశనగను చెనక్కాయలు అనియు వ్యవహరింతురు. చద్దిని సద్ది అందురు. ఉర్దూ మాట్లాడు కుటుంబములలో కోడిగుడ్డు కూరను అండే కా సాలన్ అందురు.

వేరుశనగతో సంబంధము

కదిరి ప్రాంతము వర్షాధారముగా వేరుశనగ పండించు మెట్టప్రాంతము. కదిరిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వ్యవసాయ పరిశోధనా స్థానము కలదు. కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అను వేరుశనగ రకములు ఇక్కడి నుండి వెలువడినవే. ఇంటిలో వేరుశనగ సమృద్ధిగా ఉండుట వలన కూరలకు చిక్కదనము కొరకు దాని పొడిని వాడుట అలవాటైనది. ఈ పొడి పులుసులోని ఘాటును, పులుపును కొంత తగ్గించి కమ్మదనమును ఇచ్చును.

బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకొనిన గింజలను తప్పక ఏరివేయవలెను. అట్టి గింజలలో అఫ్లాటాక్సిన్ అను విషపదార్థము ఉండవచ్చును. వేయించినంత మాత్రమున అది పూర్తిగా పోదు.

కావలసిన పదార్థములు (15 మందికి)

* కోడిగుడ్లు - 30 (ఒక అట్ట)
* చింతపండు - 150 గ్రాములు
* ఎర్రగడ్డలు - 1 కిలో
* టమాటాలు - 750 గ్రాములు
* వేరుశనగ గింజలు - 200 గ్రాములు
* నువ్వులు - 50 గ్రాములు
* ఎండుకొబ్బరి - 50 గ్రాములు
* అల్లము, తెల్లగడ్డ ముద్ద - 75 గ్రాములు
* కారము, ధనియాల పొడి, ఉప్పు - తగినంత
* పసుపు - 2 చెంచాలు
* వేరుశనగ నూనె - 200 మిల్లీలీటర్లు
* ఆవాలు, మెంతులు, కరివేపాకు, కొత్తిమీర - కొద్దిగా

తయారుచేయు విధానము

ముందురోజు సాయంత్రము:

1. వేరుశనగ గింజలు, నువ్వులు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించి, చల్లారిన పిదప పొడి చేయవలెను. ఈ పొడిని తడి తగులని మూత డబ్బాలో ఉంచవలెను.
2. చింతపండును వేడినీటిలో నానబెట్టి రసము తీయవలెను.
3. నూనెలో ఆవాలు, మెంతులు, కరివేపాకు వేసి, సన్నగా తరిగిన ఎర్రగడ్డలను బంగారు రంగు వచ్చువరకు వేయించవలెను. తరువాత అల్లము, తెల్లగడ్డ ముద్ద, టమాటాలు, పసుపు, కారము, ధనియాల పొడి, ఉప్పు వేసి నూనె తేలువరకు మగ్గనీయవలెను.
4. చింతపండు రసము, చాలినన్ని నీళ్లు పోసి 20 నిమిషములు మరిగించవలెను. ఈ దశలో వేరుశనగ పొడి గాని, గుడ్లు గాని వేయరాదు.
5. పులుసును రెండు మూడు వెడల్పాటి గిన్నెలలోనికి పోసి ఆవిరి తగ్గిన వెంటనే ఫ్రిజ్‌లో ఉంచవలెను. లోతైన ఒకే పాత్రలో ఉంచినచో మధ్యభాగము చాలగంటల వరకు వేడిగానే ఉండును.
6. గుడ్లను 10 నుండి 12 నిమిషములు ఉడికించి, చల్లని నీటిలో వేసి, తుడిచి, పెంకు తీయకుండ ఫ్రిజ్‌లో ఉంచవలెను.

మరునాడు ఉదయము:

1. పులుసును పొయ్యిమీద పెట్టి బాగుగా తెర్లనీయవలెను.
2. చేతులు సబ్బుతో కడుగుకొని గుడ్ల పెంకు తీసి, ఒక్కొక్క గుడ్డుకు మూడు నాలుగు గాట్లు పెట్టవలెను. గుడ్డు తెల్లసొన గట్టిది గనుక గాట్లు లేనిచో పులుసు లోపలికి దిగదు.
3. వేరుశనగ పొడిని కొంచెము నీటిలో కలిపి పులుసులో పోయవలెను. పొడి వేసిన తరువాత అడుగంటకుండ కలియబెట్టుచుండవలెను.
4. గుడ్లు వేసి సన్నని సెగపై 10 నిమిషములు ఉంచి, కొత్తిమీర చల్లి దింపవలెను.

ఒక రాత్రి నిలువయున్న పులుసులో కారము, పులుపు, మసాలాలు ఒకదానితో నొకటి కలిసి రుచి ఇనుమడించును. ఆ రుచి అంతయు పులుసుకే గాని గుడ్లకు నిలువ అవసరము లేదు.

గుడ్డులో జరుగు మార్పులు

గుడ్డులోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టును. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వద్దను, పచ్చసొన సుమారు 65 నుండి 70 డిగ్రీల మధ్యను గట్టిపడును. ఎక్కువసేపు ఉడికించినచో తెల్లసొనలోని గంధకము, పచ్చసొనలోని ఇనుముతో కలిసి పచ్చసొన చుట్టును ఆకుపచ్చని వలయము ఏర్పడును. ఇది హానికరము కాదు. ఉడికిన వెంటనే చల్లని నీటిలో వేసినచో చాలవరకు నివారించవచ్చును.

ఆ రోజే పెట్టిన గుడ్డు ఉడికిన తరువాత పెంకు సులభముగా రాదు. గుడ్డు కొన్ని దినములు నిలువయున్నచో అందులోని బొగ్గుపులుసు వాయువు పెంకు రంధ్రముల ద్వారా బయటకు పోయి తెల్లసొన క్షారగుణము పెరుగును. అప్పుడు పొర తెల్లసొనను విడిచి సులభముగా ఊడివచ్చును.

పులుపు ఉన్నను చెడిపోవుటకు కారణము

చింతపండులో టార్టారిక్ ఆమ్లము కలదు. ఆమ్లము సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డగించును. ఊరగాయలు, పులిహోర కొరకు చేయు చిక్కని చింతపండు గుజ్జు చాలదినములు నిలువయుండుటకు ఆమ్లముతోపాటు ఎక్కువ ఉప్పు, నూనె, తక్కువ తేమ కారణములు. పులుసులో నీరు ఎక్కువ, ఉప్పు తక్కువ. పైగా గుడ్డు స్వయముగా పుల్లనిది కాదు. తెల్లసొన క్షారగుణము కలది, పచ్చసొన పి.హెచ్. విలువ సుమారు 6. బయటి పులుపు ఒక రాత్రిలో గుడ్డు లోపలి వరకు పూర్తిగా చేరదు.

పచ్చిగుడ్డులో ఉండదగిన సాల్మొనెల్లా బాగుగా ఉడికించినచో నశించును. కాని పెంకు తీయునపుడు మనుష్యుల చేతుల నుండి స్టఫైలోకాకస్ అను సూక్ష్మజీవి గుడ్డుపై చేరవచ్చును. విందు ముందురోజు రాత్రి నలుగురు కూర్చుండి గుడ్లు ఒలిచి బేసిన్‌లో వేసి తెల్లవారువరకు ఉంచుటలో ఉన్న ప్రమాదము ఇదియే. ఈ జీవి ఉత్పత్తి చేయు విషము మరిగించినను పోదు. కావున ఉదయము మరల కాచినాము గదా అను ధీమా చాలదు. ఇట్టి ఆహారము తిన్న కొద్దిగంటలలోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలుగును. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు త్వరగా నీరసింతురు. వారికి ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించుచు వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రతలో సూక్ష్మజీవులు వేగముగా వృద్ధి చెందును. వండిన గుడ్లు రెండు గంటలకు మించి బయట ఉండరాదు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటినచో ఒక గంటకు మించరాదు. వేసవిలో 40 డిగ్రీలకు చేరు రాయలసీమలో ఈ నియమము మిక్కిలి ముఖ్యము. వాసన, రుచి మారకున్నను ఆహారము హానికరము కావచ్చును.

ఫ్రిజ్ లేనిచో

ఫ్రిజ్ లేని ఇంటిలోను ముందురోజు చేయదగిన పనులు ఉన్నవి. వేరుశనగ పొడి చేయుట, మసాలా దినుసులు దంచుట, చింతపండు గింజలు, పీచు ఏరి పొడిగా ఉంచుట వాటిలో ముఖ్యమైనవి. గుడ్లు ఉడికించుట, ఒలుచుట, పులుసు కాచుట తెల్లవారుజామున చేయవలెను. పొడులు సిద్ధముగా ఉన్నచో మిగిలిన పని సుమారు ఒకటిన్నర గంటలో ముగియును. "పెద్దల మాట చద్దిమూట" అను సామెతలోని చద్ది అన్నమునకు సంబంధించినది. దానిని గుడ్లు, మాంసము వంటి వాటికి అన్వయించుకొనరాదు.

పాత్రలు

చింతపండు పులుసును కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో కాచరాదు. ఆమ్లము రాగిని కరగించి ఆహారములో కలుపును. అల్యూమినియం పాత్రలలో వండినను రాత్రి నిలువ ఉంచరాదు. మట్టికుండ, స్టీలు పాత్ర అనుకూలమైనవి.

ఇతర దేశములలో

ఉదయపు ఫలహారమును, మధ్యాహ్న భోజనమును కలిపి ఒకేసారి తినుటను పాశ్చాత్యులు బ్రంచ్ అందురు. ఈ మాట 1895లో ఇంగ్లండులో అచ్చయినది. అమెరికాలో ఇట్టి విందులకు ఎగ్ క్యాసరోల్ చేయుదురు. రొట్టె ముక్కలు, చీజ్ పొరలుగా పేర్చి, పాలు కలిపి గిలకొట్టిన గుడ్లను పోసి, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయము ఓవెన్‌లో కాల్తురు. పొరలుగా ఉండు ఈ రకమును స్ట్రాటా అందురు. అందులో గుడ్డు రాత్రి పచ్చిగా ఉండి ఉదయము ఉడుకును. పులుసులో రాత్రియే ఉడుకును. రెండింటను గుడ్డును రాత్రంతయు చల్లగా ఉంచుట, ఉదయము లోపలి వరకు వేడిచేయుట తప్పనిసరి.

పోషక విలువలు

50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 70 కిలోకేలరీల శక్తి ఉండును. రెండు గుడ్లతో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు లభించును. వేరుశనగ పొడి వలన ఇవి మరికొంత పెరుగును. రాగి సంగటితో తినునపుడు రాగులలోని కాల్షియము కూడ చేరును. వేరుశనగ పడనివారు దానికి బదులు వేయించిన శనగపప్పు పొడి వాడవచ్చును.

ఇవి కూడా చూడండి

* రాగి సంగటి
* చద్దన్నం
* ఉగ్గాణి
* వేరుశనగ
* కదిరి